కంప్యూటరక్క

గార్లలో మనోరమ కంప్యూటర్ అంతటి కంప్యూటర్ ఇటు మానుకోట దాకా, అటు ఇల్లెందు దాకా ఇంకొకటి లేదు. ఇది ఒట్టు పెట్టి చెప్పే మాట. మీట నొక్కితే అది లేచే చప్పుడుకు చూరు మీది పావురాలు లేచిపోయేవి. పక్కనే చాయ్ కొట్టు ఓదెలు ఒకసారి ఆ చప్పుడు విని, రైలు వచ్చేసిందనుకొని, పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి స్టేషన్‌కు ఉరికాడు. జనగామ నుంచి అది ఊళ్లోకి వచ్చిన రోజున దాన్ని మోయడానికి ఒక ఎడ్లబండి, దించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది. తెర ముందు పెద్ద కుండలా, వెనక పెద్ద గంపలా ఉండేది.

దాన్ని నడిపే మనిషికి ఊరు పెట్టిన పేరు కంప్యూటరక్క. మనోరమ అని పిలిచేవాళ్లు ఇంట్లో ఇద్దరే. పింఛను దరఖాస్తుకు వచ్చే ముసలమ్మలు, పెండ్లి పత్రిక కొట్టించే పెద్దమనుషులు, కులం కాగితం కోసం వచ్చే కాలేజీ పిల్లలు, ఆఖరికి ఆమెకంటే పదేళ్లు పెద్దయిన ఓదెలు కూడా కంప్యూటరక్కా అనే పిలిచేవాడు. ఆ పిలుపు వినబడితే మనోరమ వెంటనే పలికేది కాదు. ఇంకోసారి పిలవనిచ్చి పలికేది.

ఆ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిల్లోకి దిగేవాళ్లు లేక కరెంటు కూడా సమ్మెలో కలిసినట్టే ఉండేది. పొద్దున కాసేపు వచ్చి పలకరించి పోయేది, మాపటికి మళ్లీ ముఖం చూపించేది. దరఖాస్తులు తీసుకునే ఆఫీసులే లేనప్పుడు దరఖాస్తులు కొట్టేవాళ్లకేం పని? దసరా పొద్దున ఆయుధపూజ చేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పూల గుడ్డ కప్పిన కంప్యూటర్‌ను మనోరమ మళ్లీ తట్టి లేపలేదు.

లేపాల్సిన రోజు రానే వచ్చింది. ఆమె భర్త రవీందర్ బడిపంతులు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి బడి వదిలి జేఏసీ పనుల మీద తిరుగుతున్నాడు. రైల్ రోకో నాడు ఆడవాళ్లంతా గార్ల స్టేషన్లో పట్టాల నడుమనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేయాలని తీర్మానమైంది. ఆ కరపత్రం చేత్తో రాసి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“రేపు మాపటికల్ల కావాలె. తండాలకు, వాడలకు అన్నిటికి పంచాలె,” అన్నాడు.

ఉద్యమం మొదలైనప్పటి నుంచి గార్లలో పంచిన ప్రతి కరపత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ‘టైపు: మనోరమ’ అని ఒక వరుస ఉండేది. పత్రమంతా చదివినా చదవకపోయినా ఆమె ఆ వరుస మాత్రం చదువుకునేది.

గుడ్డ తీసి మడిచింది. తెరకు దండం పెట్టింది. మీట నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. డబ్బాలో ఏదో కర్రుమని ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది. గొంతులో చేప ముల్లు చిక్కినవాడిలా డబ్బా ఒక్కసారి కీమన్నది. దీపం ఆరిపోయింది. నల్లటి తెరలో ఆమె ముఖమే ఆమెకు కనిపించింది.

“ఏమైంది?” అన్నాడు రవీందర్.

“ఏం కాలే. చానా దినాలకు లేస్తున్నది గద. ఒళ్లు ఇరుసుకుంటున్నది.”

మళ్లీ నొక్కింది. మళ్లీ ఒకటిన్నర చుట్టు, మళ్లీ ముల్లు. మూడోసారి దీపం వెలగడానికి కూడా బద్ధకించింది.

“బాగనే ఒళ్లు ఇరుసుకుంటున్నది,” అన్నాడు రవీందర్. “సుమ దగ్గర కొట్టియ్యాల్నా మరి?”

ఆ పేరు వినగానే మనోరమ కుర్చీలోంచి లేవలేదు, అరవలేదు. కరపత్రం చిత్తు కాగితాన్ని తీసి కీబోర్డు కింద పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించింది.

“కరెంటు సక్కగ లేదు. అంతే. మీరు పోండ్రి, పని చూసుకోండ్రి.”

సుమ తండాలో ఉండే తుల్సీబాయి బిడ్డ. ఇంటర్ అయ్యాక మనోరమ దగ్గరే తెలుగు అక్షరాలు కొట్టడం నేర్చుకుంది. హోళీ తర్వాత ఒకనాడు మానేసి, రోడ్డు దాటి, సరిగ్గా ఎదురుగదిలో తన కొట్టు పెట్టింది. ఊళ్లో ఇంకెక్కడా గదులే లేనట్టు. ఎందుకు మానేసిందని ఎవరైనా అడిగితే మనోరమ “రెక్కలొచ్చినయ్” అని ఊరుకునేది. సుమ కంప్యూటర్ కొత్తది. తెర పలక అంత పలుచన, గోడకు ఆనించిన అద్దంలా ఉంటుంది. లేస్తే చప్పుడే ఉండదు. “సప్పుడు లేనిది మిషనా, పీనుగా?” అని మనోరమ వచ్చినవాళ్లందరికీ చెప్పి చూసింది. వచ్చినవాళ్లు నవ్వి, పని మాత్రం అటు పోయి చేయించుకోసాగారు.

*

ఆ మధ్యాహ్నమంతా మనోరమ కిటికీ పక్కన కూర్చొని చాటలో కందిపప్పు ఏరింది. అందులో రాళ్లు లేవు. ఏరిన పప్పే మళ్లీ ఏరింది. కిటికీ తెర అంచు నుంచి చూస్తే ఎదురుకొట్టు గడప, చెప్పులు విడిచే బండ, సుమ వీపు, జడ చివర నీలం రిబ్బను కనిపిస్తాయి. ఎవరు ఎక్కినా చాటలో వేళ్లు ఆగిపోయేవి. వాళ్లు దిగేదాకా కదిలేవి కావు.

మధ్యమధ్య లేచి డబ్బా దగ్గరికి పోయేది. జనగామలో కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో సారు చెప్పిన వైద్యాలన్నీ ఒకటొకటి గుర్తు చేసుకుంది. డబ్బాకు ఒక పక్క రేకు ఎప్పుడూ ఊడదీసే ఉంటుంది. గార్ల ఎండకు అది మూసి ఉంటే ఉడికిపోతుంది. ఆ పక్క గోడ వైపు ఉంటుంది. చెయ్యి దూర్చి, తడిమి, జ్ఞాపకాల పట్టీని, అదే ర్యామ్‌ను, పీకింది. దాని ఇత్తడి పళ్లను పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దింది. ఊదింది. కొంగుతో తుడిచింది. టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కి కూర్చోబెట్టింది. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టింది. డబ్బాలో బిళ్ల బ్యాటరీ మార్చి చూద్దామని గోడ గడియారంలోది తీస్తే అది బిళ్ల కాదు, పొడుగుది. గడియారం ఆగింది గాని కంప్యూటర్ లేవలేదు.

అత్త గట్టమ్మ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. లోపలికి పోయి ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట పట్టుకొచ్చి, డబ్బా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు ఇల్లంతా కమ్మింది. ఇద్దరికీ దగ్గు తెప్పించింది. కంప్యూటర్‌కు తప్ప.

“ఎవలి కండ్లు తాకినయో,” అంది గట్టమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

“ఎవలివో నాకు తెల్సు,” అంది మనోరమ, కిటికీ వైపు చూస్తూ.

ఓదెలు చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చాడు. డబ్బాను చూసి, చావు ఇంటికి వచ్చినట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు.

“నాలుగు దిక్కుల ఇనొచ్చేది దీని సప్పుడు,” అంది మనోరమ. “రైలు అనుకొని నువ్వే స్టేషన్‌కు ఉరికినవ్ గదనె ఓదెలన్నా.”

“నేనా? నేను మా బిడ్డను రైలెక్కియ్య పోయిన. ఆ దినం కరెంటే లేదు, నీ డబ్బ ఎక్కడ లేసింది?”

ఇక్కడ కొంచెం సర్దుకోక తప్పదు. మొదట చెప్పిన రైలు ముచ్చట అట్లా పోయింది. పావురాలంటారా, అవి ఎవరు తుమ్మినా లేస్తాయి. ఎడ్లబండీ లేదు, నలుగురు మనుషులూ లేరు; ఆ కంప్యూటర్ స్టేషన్ నుంచి ఆటోలో, మనోరమ ఒళ్లో కూర్చొని వచ్చింది. ఇల్లెందు దాకా అంతటిది లేదన్న మాటకు వస్తే, ఇల్లెందు దాకా ఎవరూ పోయి చూడలేదు. ముందు చెప్పిన దాంట్లో మిగిలింది ఒక్క పేరు. ఆ పేరు మాత్రం నిజం.

“మాట ఇను,” అన్నాడు ఓదెలు. “సుమను పిలువు. కొత్త మిషన్ నడుపుతున్నది గద, జర చూసి పోతది.”

“దానికేం తెల్వదు. దానికి మీట నొక్కుడు చెప్పిందే నేను.”

“మరి నీకు తెల్సు గద, లేపు,” అని ఖాళీ గ్లాసు తీసుకొని పోయాడు. మంచివాళ్లు ఇట్లాంటి మాటలు చాలా నెమ్మదిగా అంటారు.

పొద్దు వాలుతుండగా మనోరమ కొంగు సర్దుకొని రోడ్డు దాటింది. కిరాణం కొట్టుకు ఉప్పు కోసమని ఇంట్లో చెప్పింది. కిరాణం కొట్టు ఇటు పక్కనే ఉంది. సుమ కొట్టు ముందు ఆగి, పైన ఏదో చూస్తున్నట్టు మెడ ఎత్తింది. లోపల పోశమ్మ అనే ముసలమ్మ బల్లకు ఆనుకొని నిలబడి ఉంది.

“కంప్యూటరక్కా, పేరు సక్కగ వడ్డదా? నా పేరు ఎప్పుడు తప్పే రాస్తరు,” అంటోంది పోశమ్మ.

“పడ్డదవ్వా. పో-శ-మ్మ. మకారం కింద మకారం,” అంది సుమ.

మనోరమ వినబడనట్టు ముఖం పెట్టింది గాని చెవులు ఎర్రబడ్డాయి. సుమ తల తిప్పి చూసి గబుక్కున లేచి నిలబడింది.

“అక్కా, రా. కూసో. మీ మిషన్ లేస్తలేదట గద, ఓదెలన్న చెప్పిండు. నేనొచ్చి చూడాల్నా? నాకు గంత తెల్వదు గాని ఇద్దరం కల్సి చూస్తే...”

“ఎవలు చెప్పిండ్రు?” అంది మనోరమ. నవ్వు కూడా నవ్వింది. “శుభ్రంగ నడుస్తున్నది. పొద్దటి సంది కరపత్రమే కొడ్తున్న. సగమైంది. జర కండ్లు గుంజుతుంటె బయటికొచ్చిన.”

“గట్లనా,” అంది సుమ. “మంచిది అక్కా.”

మనోరమ తిరిగి వచ్చింది. ఉప్పు తేవడం మరిచిపోయింది. తేవలసిన ఉప్పు ఇంట్లో ఒక డబ్బాడు ఉందని అత్తకూ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడు కంప్యూటర్ ఊరికే లేస్తే చాలదు. సగం కొట్టిన కరపత్రంతో లేవాలి.

*

మర్నాడు పొద్దున రవీందర్ లేచేసరికే కంప్యూటర్ డబ్బా వాకిట్లో నులక మంచం మీద ఉంది. రోగిని ఎండలో పడుకోబెట్టినట్టు మనోరమ దాన్ని పక్కకు ఒరిగించింది.

“ఇయ్యాల నాకు కాగితం కావాలె,” అన్నాడు రవీందర్ పళ్లు తోముకుంటూ. “నీ పంతం నీది, వంటావార్పు ఊరందరిది.”

“మాపటికి ఇస్త అన్న గద.”

“ఎట్లిస్తవ్? బొగ్గుతోని గోడ మీద రాస్తవా?”

ఆమె డబ్బా స్క్రూ మీద వంగింది. అతను లోపలికి పోయి అంగీ తొడుక్కొని, కీబోర్డు కింది చిత్తు కాగితాన్ని నెమ్మదిగా లాగి జేబులో పెట్టుకొని బయటికి పోయాడు. మనోరమ చూసింది. చూడనట్టు స్క్రూ తిప్పుతూనే ఉంది. అతని చెప్పుల చప్పుడు రోడ్డు దాటడం వింది. ఎదురుకొట్టు గడప ఎక్కడం వింది. ఒక మనిషి అడుగులు అంత బాగా వినబడతాయని ఆమెకు పెండ్లయిన ఇన్నేళ్లలో తెలియదు.

మానుకోటలో మిషన్లు బాగుచేసే అతనికి ఫోను చేసింది. “తీసుకరా అక్కా, చూస్త,” అన్నాడు అతను. బస్సులు లేవు, ఆటోలు ధర్నాలో ఉన్నాయి, తెస్తే నెత్తి మీద పెట్టుకొని తేవాలి అని చెప్పింది. “అయితె ఒకటి చూడు. లోపట చిన్న ఫ్యాను ఉంటది గద, నడుమ. అది మంచిగ తిరుగుతున్నదా? అది తిరగకపోతె మిషన్ కాలుతదని దానంతటదే బందైతది,” అన్నాడు.

నిన్నంతా చెయ్యి దూర్చి తడిమిందే గాని ఆ ఫ్యానును మనోరమ కంటితో చూడలేదు. ఇప్పుడు ఎండ నేరుగా లోపలికి పడుతోంది. లోపల దుమ్ము బూజు కాదు, బొంత. పూజనాడు కొట్టిన కొబ్బరికాయ నీళ్లు ఏ దారిన దిగాయో, కుంకుమతో కలిసి ఒక మూల ఎర్రటి చెక్కు కట్టి ఉంది. రవీందర్ గడ్డం గీసుకునే బ్రష్షు తెచ్చి మెల్లగా దులిపింది. ఓదెలు సైకిల్ పంపు అడిగి తెచ్చి గాలి కొట్టింది. బూడిద రంగు మేఘం లేచి ఆమె వెంట్రుకలను ముసలిదాన్ని చేసింది. దుమ్ము తగ్గాక, ఫ్యాను రెక్కల నడుమ ఏదో కనిపించింది.

అదొక రెమ్మ. చిటికెన వేలంత. సన్నటి ఆకులు వరుసగా, ఇంకా పచ్చగా ఉన్నాయి. దాని ముల్లు ఒకటి ఫ్యాను రెక్కకు గుచ్చుకొని, రెండో కొస అడుగున ఇరుక్కొని ఉంది. ఫ్యాను తిరగబోయిన ప్రతిసారీ ఆ ముల్లే పట్టి ఆపింది.

మనోరమ చెయ్యి వెనక్కి తీసుకుంది. దాన్ని ముట్టుకోలేదు. లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి గుమ్మం దాకా పోయి, తిరిగొచ్చి, మళ్లీ చూసింది. అవును. ముల్లు, ఆకు, దాని కింద ఎర్రటి కుంకుమ.

“అత్తమ్మా,” అని పిలిచింది. “అత్తమ్మా, జల్ది రాండ్రి. చేతబడి చేసిన్రు.”

గట్టమ్మ పిండి చేతులతో వచ్చింది. “ఎవలికి?”

“కంప్యూటర్‌కు.”

అత్త కొంగుతో కండ్లు తుడుచుకొని డబ్బాలోకి తొంగిచూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పిండి అంటిన రెండు వేళ్లు లోపలికి పెట్టి, ముల్లును అటూ ఇటూ ఆడించి, రెమ్మను బయటికి తీసింది. మనోరమ రెండడుగులు వెనక్కి వేసింది.

“దాన్ని ముట్టకుండ్రి అత్తమ్మా. గా పిల్ల పెట్టిందే. నాకెర్కనే. నా పేరు గుంజుకున్నది చాలక నా మిషన్ నోరు కట్టింది.”

“నోరు ముయ్యి ముందు,” అంది గట్టమ్మ. “గా పిల్ల పెట్టిందే. గాని చేతబడి గాదు. జమ్మి.”

మనోరమకు అర్థం కాలేదు. దసరానాడు జమ్మిచెట్టుకు మొక్కి, ఆ ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, పెద్దల కాళ్లకు మొక్కి, ఈడువాళ్లను అలాయ్ బలాయ్ అని కౌగిలించుకోవడం ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. మాటలు లేనివాళ్లు కూడా ఆ ఒక్క రోజు జమ్మి పెట్టుకొని మాట్లాడుకుంటారు. కాని జమ్మి ఉండవలసింది చేతిలో. కంప్యూటర్ కడుపులో కాదు.

“దసర నాడు పొద్దూకంగ వచ్చింది,” అంది గట్టమ్మ, రెమ్మను అరచేతిలో తిప్పుతూ. “నువ్వు జమ్మి పట్టుకొని సర్పంచి ఇంటికి, గా ఇంటికి, గీ ఇంటికి పోయినవ్. కొత్త చీర కట్టుకున్నది పిల్ల. అక్క చేతికే ఇస్త అన్నది. దీపాలు పెట్టినదాక గా అరుగు మీద కూసున్నది. నువ్వు రాకపోతివి. ఇగ లోపటికొచ్చి గుడ్డ ఎత్తి డబ్బ మీద ఆకు పెట్టి, నీ కాళ్లకు మొక్కినట్టు దానికి మొక్కింది. ‘అవ్వా, నా చేతికి అక్షరం ఇచ్చింది గిదే’ అన్నది. పైన పెట్టింది. రేకు లేని దిక్కు లోపటికి జారినట్టుంది.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్పిన. ‘సుమ వచ్చింది’ అన్న. ‘ఎందుకొచ్చింది, నా దుకానం చూసి ఏడువనీకా’ అన్నవ్. ఇగ నేనేం చెప్పాలె.”

వాకిట్లో కోడి ఒకటి మంచం కింద దూరి, సైకిల్ పంపును పొడిచి చూసి పోయింది.

“ఒక మాట అంట, కోపం చెయ్యకు,” అంది గట్టమ్మ. కోపం చెయ్యకు అన్నాక అత్తలు ఆగరు. “అప్పట్ల పోశమ్మ గా పిల్లను కంప్యూటరక్కా అని పిలిచిన దినం, పది మందిల నువ్వేమన్నవ్? ‘అక్క గాదు, మా దగ్గర ఊడ్చే పిల్ల’ అన్నవ్. గా పిల్ల చేతిల చీపురు నేను ఎన్నడు చూడలే. నీ పేరు కింద ఉన్న కాగితాలల్ల సగం అదే కొట్టింది. తెల్లారి సంది అది రాలే. అయిన దసరకు జమ్మి తెచ్చింది. నేనైతె తేకపోదును.”

గట్టమ్మ రెమ్మను కోడలి చేతిలో పెట్టి, పిండి కలపడానికి లోపలికి పోయింది.

మనోరమ మంచం పట్టె మీద కూర్చుంది. చేతిలో ముల్లు గుచ్చుకుంది గాని వదల్లేదు. కొంతసేపటికి లేచి, డబ్బాను ఎత్తి, లోపలికి తీసుకుపోయి, బల్ల మీద పెట్టింది. వైర్లన్నీ పెట్టింది. కరెంటు వచ్చేదాకా దాని ముందే కూర్చుంది. వచ్చింది. మీట నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. ఫ్యాను ఒకటిన్నర చుట్టు తిరిగి, రెండో చుట్టూ తిరిగి, ఇక ఆగకుండా గుయ్యిమని లేచింది. తెర తెల్లబడింది. అక్షరాలు వచ్చాయి. నిన్నటి నుంచి ఆమె ఎదురుచూసిందంతా అదే. అది వచ్చినప్పుడు ఎగిరి గంతేస్తానని అనుకుంది. కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.

ఒక్క అరుపు అరిస్తే చాలు. రోడ్డు అవతలి నుంచి రవీందర్ చిత్తు కాగితం పట్టుకొని ఉరికొస్తాడు. కరెంటు ఇప్పుడే వచ్చింది కాబట్టి సుమ ఇంకా రెండు వరుసలు కూడా కొట్టి ఉండదు. అడుగున ‘టైపు: మనోరమ’ అని మళ్లీ వస్తుంది.

ఆమె కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపింది. పూల గుడ్డ దులిపి కప్పింది.

*

మనోరమ సుమ కొట్టు గడప ఎక్కడం అదే మొదటిసారి. నిన్న ఆగింది గడప కిందే. రవీందర్ బయట ఓదెలుతో మాట్లాడుతూ ఆమెను చూసి మాట మింగాడు. భార్య నడక చూసి ఏ గాలి వీస్తుందో చెప్పగలనని అతనికో నమ్మకం. ఇవాళ ఆ నమ్మకం పని చేయలేదు.

సుమ లేచి తన కుర్చీ జరిపింది. “కూసో అక్కా.”

“నువ్వు కూసో. కొట్టు,” అంది మనోరమ.

ఆమె సుమ కుర్చీ వెనక, ఎడమ పక్కకు నిలబడింది. నేర్చుకునే రోజుల్లో సుమ నిలబడే చోటు అది. అక్కడి నుంచి తెర ఎంత ఏటవాలుగా కనిపిస్తుందో, మెడ ఎంత చాపాలో మనోరమకు ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

సుమ కొడుతోంది. వెనక మనిషి ఉంటే వేళ్లు తడబడతాయి. ‘పట్టాల’ దగ్గర టకారం కింద టకారం పడక మూడుసార్లు చెరిపింది.

“కింది టకారానికి మీట వేరే ఉంటది. కుడి చెయ్యి చిటికెన వేలు. మరిచినవా?”

“మరువలే అక్కా. వెనక నువ్వుంటె బుగులైతున్నది.”

“నాకు గూడ,” అంది మనోరమ. ఆ మాట ఎందుకు అన్నదో ఆమెకే తెలియదు.

సుమ తెర మీద నుంచి చూపు తిప్పకుండా, చాలా మెల్లగా అడిగింది. “అక్కా, మీ మిషన్ల సగం కొట్టిన అన్నవ్ గద. మరి ఇది నేను ఎందుకు...”

“లెవ్వలే,” అంది మనోరమ. “నిన్న అన్నది అబద్ధం. మానుకోటాయన కూడ లెవ్వదన్నడు. ముసలిదైంది. నువ్వే కొట్టు.”

నిన్న లేవనప్పుడు లేచిందన్నది. ఇవాళ లేచినప్పుడు లేవలేదన్నది. రెండు అబద్ధాలూ ఒక్క గొంతుతోనే చెప్పింది గాని, రెండోది చెప్పడానికి ఎక్కువ బలం కావలసి వచ్చింది.

సుమ చేతులు ఆగాయి. మనోరమ కొంగు ముడి విప్పి జమ్మి తీసింది.

“చెయ్యి పట్టు. అది గాదు, కుడిది. దసర పోయింది గాని, నా బంగారం నీకు అందలేదు గద.”

సుమ అరచేతిలోకి చూసింది. అది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు ఒక్కసారిగా తెలిసినట్టుంది. “అక్కా, నేను పెట్టిందేనా? దానివల్లనేనా మిషన్...”

“ముసలిదైందని చెప్పిన గద,” అంది మనోరమ విసుగ్గా. “ఒక్కసారి చెప్తె ఇనవా?”

సుమ వంగి ఆమె కాళ్లకు మొక్కబోయింది. మనోరమ భుజాలు పట్టి లేపి, ఈడువాళ్లను పట్టుకున్నట్టు అటొకసారి, ఇటొకసారి గుండెకు ఆనించుకుంది. బయట ఓదెలు ఖాళీ గ్లాసు పట్టుకొని తొంగి చూశాడు. అతన్ని రవీందర్ మోచేత్తో పొడిచి అటు తిప్పాడు.

కరపత్రం అయిపోవచ్చింది. అడుగున ఒక వరుస మిగిలింది. ‘టైపు:’ అని కొట్టి సుమ తల తిప్పి చూసింది. ఏ పేరు కొట్టాలో అడగలేదు. మనోరమ కూడా చెప్పలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి మీటలు రెండే రెండు అక్షరాల చప్పుడు చేశాయి. మనోరమ అయితే ఇంకా ఎక్కువ చప్పుడు కావాలి.

అప్పుడు రోడ్డు మీద నుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. “కంప్యూటరక్కా, మా వాడకు కాగితాలు ఎప్పుడిస్తవ్?”

సుమ నోరు తెరిచి, మూసుకుంది. మనోరమ ముఖం వైపు చూసి ఊరుకుంది. మనోరమ గొంతులో ‘ఆఁ’ అనే పలుకు అప్పటికే సగం దూరం వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు. దాన్ని వెనక్కి పంపడానికి ఆమె ఒకసారి గుటక వేయవలసి వచ్చింది. కడుపు మండలేదా అంటే మండింది. మండదని ఎవరూ అనలేదు.

బయటి మనిషి మళ్లీ పిలిచింది.

“పలుకు,” అంది మనోరమ. “నిన్నే పిలుస్తున్నది. రెండోసారి పిలిచినంక పలకాలె, అదీ పద్ధతి.”

సుమ పలికింది.

ఇందులో ఒక ముక్క కల్పించిందే, చెప్పేస్తే పోతుంది. ఫ్యానులో రెమ్మ ఇంకా పచ్చగా ఉందన్నది నిజం కాదు. దసరానాటి ఆకు అన్నాళ్లకు పచ్చగా ఎట్లా ఉంటుంది? చెప్పేటప్పుడు పచ్చగా ఉంటే బాగుంటుందని అట్లా వచ్చేసింది. అది ఎండి, దుమ్ములో దొర్లి, కొంగు ముడిలో నలిగి, సుమ చేతిలోకి చేరేసరికి ఆకు కాదు, ఒక ముల్లు, చిటికెడు పొడి. ఆ పిల్ల దాన్నే కండ్లకు అద్దుకుంది.